మూడో మాటకు నాయనమ్మ శోకం

నా చిన్నప్పుడు చంద్రపూర్ లాల్‌పేట్‌లో బొగ్గుబాయి క్వార్టర్ల మధ్య మాకొక చిన్న ప్రార్థన మందిరం ఉండేది. మేమంతా దాన్ని గుడి అనే పిలిచేవాళ్ళం. ఆ గుడిలో పాడొచ్చు, చప్పట్లు కొట్టొచ్చు, డోలక్ పగిలిపోయేలా వాయించొచ్చు, క్రిస్మస్‌కు ఆడపిల్లలం కోలాటం వేయొచ్చు. ఏడవడం మాత్రం కూడదు. ప్రార్థన చేస్తూ చాటుగా కళ్ళు తుడుచుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు గాని, నోరు తెరిచి రాగం తీసి ఏడిస్తే మా సంఘ పెద్ద గట్టిగా దగ్గేవాడు. ఆ ఒక్క దగ్గుకే ఆడవాళ్ళ నోళ్ళన్నీ మూతపడేవి.

ఇప్పుడు నేను బాబుపేట్‌లో ఉంటున్నాను. నా మనవరాళ్ళు సగం మరాఠీ, సగం తెలుగు కలిపి మాట్లాడతారు. శోకం పెట్టడమంటే ఏమిటని మొన్న ఒకతి అడిగింది. చెప్పబోయాను గాని మాట సాగలేదు. పాడి వినిపించబోతే "వద్దు ఆజీ, భయమైతది" అని ఫోన్ పట్టుకుని లేచిపోయింది. పోనీ, ఉన్నది ఉన్నట్టు రాసి పెడదామని కూర్చున్నాను. దానికి తెలుగు చదవడం రాదనుకోండి, ఎవరో ఒకరు చదివి వినిపించకపోతారా.

మా పాత ఊళ్ళలో మనిషి చనిపోతే ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయిన మనిషిని పిలుస్తూ, వాళ్ళ ముచ్చట్లన్నీ ఒక్కొక్కటే తలచుకుంటూ పాడేవారు. అదే శోకం. దానికి పుస్తకం లేదు, ఎవరూ నేర్పరు. ఒకామె ఒక చరణం తీసి ఆపితే పక్కనున్నామె అందుకోవాలి. అందుకునేవాళ్ళు లేకపోతే ఆ శోకం సాగదు. ఒక్కతే కూర్చుని ఏడిస్తే అది ఉత్త ఏడుపు. ఇద్దరుంటేనే శోకం.

మా నాయనమ్మ ఆ విద్యలో గట్టి మనిషి. ఆదిలాబాద్ వైపు ఊళ్ళో ఉన్నప్పుడు చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా మనిషిని పంపి ఆమెను పిలిపించుకునేవారట. లాల్‌పేట్ వచ్చాక, గుడి కట్టుకున్నాక, అదంతా కట్టిపెట్టి పెట్టెలో దాచినట్టు దాచేసింది. కానీ తిరుగలి ముందు కూర్చుంటే మాత్రం గొంతులో ఏదో కదిలేది. నేను పక్కన కూర్చుని వినేదాన్ని. మా అమ్మకు అది నచ్చేది కాదు. "అత్తా, మంగళవారం పూట ఇంట్ల గా ఏడుపు రాగాలేంది?" అనేది. "జొన్నలు ఇసురుతున్న, నిన్ను గాదు. నీకేం నొప్పి?" అనేది నాయనమ్మ. వాళ్ళిద్దరి యుద్ధం అలా ఉండేది.

సంఘ పెద్ద సంగతి చెప్పాలి. ఆయనను మేం పెద్దయ్య అని పిలిచేవాళ్ళం. బాయిలో సర్దారు, కూలీల మీద మేస్త్రీ. గుబురు మీసాలు, బాయిలో అరిచి అరిచి రాటుదేలిన గొంతు. పైకి చూస్తే పిల్లలు దడుచుకోవాలి, కానీ మా అందరికీ పాటలు నేర్పిందీ, తాళం తప్పితే మొట్టికాయ వేసి మళ్ళీ జేబులోంచి బెల్లం ముక్క తీసి ఇచ్చిందీ ఆయనే. మట్టల ఆదివారం నాడు పిల్లలందరి చేతుల్లో ఈతమట్టలు పెట్టి, క్వార్టర్ల సందులన్నీ తిప్పి, అందరికంటే ముందు తనే ఎగిరేవాడు. అంత పాటల పిచ్చి ఉన్న మనిషికి ఒక్క శోకమంటేనే ఎందుకంత పగ అని నాకు అర్థమయ్యేది కాదు. మళ్ళీ లేస్తామన్న నిరీక్షణ ఉన్నవాళ్ళం మనం, లేనివాళ్ళలాగా గుండెలు బాదుకోకూడదు అనేవాడు. అది బైబిలు వాక్యంలోని మాటే, కాదనలేం. అసలు కారణం మాత్రం అది కాదు.

మా క్వార్టరుకు ఆనుకుని, ఒకే గోడ అటూ ఇటూ, ఒక పెద్దమ్మ ఉండేది. వరస కలుపుకున్న పెద్దమ్మే, చుట్టం కాదు. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు. కొత్తగా బాయి పనిలో చేరాడు. గుడిలో కంజీర వాయించేవాడు. నన్ను ఎత్తుకుని తిప్పిన అన్న. జేబులో బఠానీలు పోసుకుని, నాకొక పిడికెడు ఇచ్చి, తర్వాత నా పిడికిట్లోంచే మళ్ళీ తీసుకుని తినేవాడు, దొంగ. పెద్దమ్మ నోరు పెద్దది. పొద్దున లేస్తే కొడుకును, కోడిని, కుళాయిని వరసబెట్టి తిట్టేది. ఆ తిట్లు వింటూనే మేం నిద్ర లేచేవాళ్ళం. తిట్టిన చేత్తోనే నాకు రొట్టె ముక్క పెట్టేది.

ఒకరోజు బాయిలో పైకప్పు కూలింది. మా అన్న దాని కింద పడ్డాడు. సాయంత్రానికి తెచ్చి గుమ్మంలో పెట్టారు.

సమాధి చేసేటప్పుడు గుడి వాళ్ళందరూ పాటలు పాడారు. పెద్దయ్య గొంతు అందరికంటే పైన వినిపించింది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దమ్మ మాత్రం ఏడవలేదు. ఒక్క చుక్క రాలలేదు. కట్టె నిలబెట్టినట్టు నిలబడింది. మట్టి వెయ్యమంటే వేసింది, పదమంటే నడిచింది. చూసినవాళ్ళంతా "ఎంత విశ్వాసం, ఎంత గుండె నిబ్బరం" అని పొగిడారు. తర్వాతి ఆదివారం పెద్దయ్య సంఘం ముందు లేచి, ఆ తల్లిని చూసి మనం నేర్చుకోవాలన్నాడు. పాపం, మంచికే అన్నాడు. ఆమె మాత్రం ఎటో చూస్తూ కూర్చుంది.

అప్పటినుంచి ఆ పెద్ద నోరు మూతపడిపోయింది. తిట్టు లేదు, మాట లేదు. పొయ్యి వెలిగించేది కాదు. మా అమ్మ నా చేత గిన్నెలో అంబలి పంపేది. నేను పెట్టిన చోటే ఉండేది గిన్నె, పైన మీగడ కట్టి. "తిను పెద్దమ్మా" అంటే నా వైపు చూసేది గాని నేనెవరో తెలిసినట్టు ఉండేది కాదు. దవాఖానాలో డాక్టరు టానిక్ రాశాడు. అదీ అలాగే ఉండిపోయింది. చేతుల కడియాలు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి. నాకు ఆ ఇంట్లోకి పోవాలంటే భయంగా ఉండేది, పోకపోతే ఇంకా భయంగా ఉండేది.

ఒకరోజు నేను తెచ్చిన నిండు గిన్నెను చూసి నాయనమ్మ తిరుగలి ఆపేసింది.

"ఇది ఏడుస్తనే బత్కుతది. లేకపోతే పోతది. పా బిడ్డా, అయ్యగారి కాడికి పోదాం" అంది.

అయ్యగారంటే మా పాస్టరుగారు. అప్పటికి చాలా చిన్న వయసు, కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చాడు. ఆయన మాట్లాడే పుస్తకాల తెలుగు మాకు సగం అర్థమయ్యేది, మా తెలుగు ఆయనకు పావు వంతు. మేం పోయేసరికి పెద్దయ్య కూడా అక్కడే ఉన్నాడు. మంచి శుక్రవారం దగ్గర పడుతోంది. ఆ రోజు మధ్యాహ్నం యేసయ్య సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు లేచి ప్రసంగాలు చేయాలి. ఎవరికి ఏ మాట అని పంచుకుంటున్నారు.

నాయనమ్మ చాప మీద కూర్చుంటూనే, మూడో మాట ఆడోళ్ళకు ఇయ్యమంది. మూడో మాటంటే, ఆయన తన తల్లిని శిష్యుడి చేతిలో పెట్టి, ఇక నువ్వు చూసుకో అని అప్పగించిన మాట.

పాస్టరుగారు ఇబ్బందిగా నవ్వి "అమ్మా, స్త్రీలు ప్రసంగించే ఆనవాయితీ మన సంఘములో లేదు కదమ్మా" అన్నాడు.

"నేను ప్రసంగం చేస్తనన్ననా అయ్యగారూ? గా తల్లి అక్కడ నిలవడ్డది గద. ఆమె ఏమన్నదో ఎవ్వలు చెప్పరు. నేను పాడుత."

పెద్దయ్య తల ఎత్తాడు. ఆమె ఏం అడుగుతోందో ఆయనకు వెంటనే తెలిసిపోయింది. ఇద్దరూ ఒకే ఊరి వాళ్ళు మరి.

"అక్కా, శోకం పెడ్తనంటున్నవా గుళ్ళె?"

"అవ్ తమ్మీ."

ఆయన మీసాలు వణికాయి. కోపంతో అనుకున్నాను. కానీ గొంతు మాత్రం చిన్నగా వచ్చింది.

"మా అమ్మ యాదికున్నదా నీకు? దొర గడీల ఎవ్వలు సచ్చినా మా అమ్మను తోల్కపోయెటోళ్ళు. దొర తల్లి సస్తె ఏడ్వాలె, దొర బామ్మర్ది సస్తె ఏడ్వాలె. ఇంట్ల నా చెల్లె జరంతోని మూల్గుతున్నది, ఆమె ఆడ కూసోని దొరకు శోకం వెట్టింది. మన కండ్ల నీళ్ళు గూడ మనయి గాకుండె. గా గులాంగిరీ ఇడిసిపెట్టి వచ్చినం. మల్ల గుళ్ళెకు తెస్తవా అక్కా?"

నాకు అప్పటిదాకా తెలియని సంగతి అది. నాయనమ్మ కూడా ఆ గడీలో, ఆ దొర బంగళాలో, ఏడ్చిన మనిషే. ఇంటికి పోయేటప్పుడు కొంగులో ఇన్ని జొన్నలు పోసేవారట, ఏడ్చినందుకు.

ఆమె అంది, "ఆడ మెడలు వంచి ఏడ్పిచ్చిర్రు తమ్మీ. ఈడ నువ్వు మెడలు వంచి ఊకుండవెడ్తున్నవ్. మరి మన ఏడుపు మనదెప్పుడైతది?"

పెద్దయ్య కోపంగా లేచి, "పాటైతె పాడు. శోకం మాత్రం కుదరది. గుడి ఇజ్జత్ తియ్యకు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. పాస్టరుగారు అటూ ఇటూ చూసి "పాటే కదమ్మా, పాటే పాడండి" అన్నాడు. నాయనమ్మ తల ఊపింది. ఇంటికొచ్చే దారిలో "పాటనే. పాట గాకపోతె మరేంది?" అని తనలో తను గొణుక్కుంది. మహా గట్టిపిండం.

మంచి శుక్రవారం నాడు చంద్రపూర్ ఎండ గురించి చెప్పక్కర్లేదు. రేకుల కప్పు కింద గుడి పొయ్యి మీది పెనంలా కాలుతోంది. ఆడవాళ్ళంతా తెల్ల చీరల్లో ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, కింద చాపల మీద. ముందు రెండు కట్టెలు కట్టి నిలబెట్టిన సిలువ. బయట రోడ్డు మీద జాతరకు పోయే జనం పాటలు, డప్పులు. పెద్దమ్మను నేనే చేయి పట్టుకుని తీసుకొచ్చాను. రమ్మంటే వచ్చేది, కూర్చోమంటే కూర్చునేది. నాయనమ్మ ఆమెను ముందు వరసలో, తన పక్కనే కూర్చోబెట్టుకుంది, ఇంకో పక్కన నేను.

మొదటి మాట చెప్పినాయన ఎంతకూ ఆపలేదు. ఆయనకు క్షమించడం గురించి చెప్పమని ఇస్తే, చీటీల పాట ఎగ్గొట్టిన వాళ్ళ దాకా పోయాడు. రెండో మాట ఆయన మధ్యలో మరచిపోయి మళ్ళీ మొదటికి వచ్చాడు. పిల్లలం తూగుతున్నాం. అప్పుడు పాస్టరుగారు "మూడవ మాట మీద అమ్మగారు ఒక పాట పాడతారు" అన్నాడు.

నాయనమ్మ లేచి ముందుకు పోయింది గాని నిలబడలేదు. సిలువ మొదట్లో నేల మీద కూలబడింది. చేతులు వెనక్కి పెట్టి కొప్పు విప్పింది. తెల్లటి జుట్టు వీపు మీద పడింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కసారిగా ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. పెద్దయ్య దగ్గాడు. ఆమె ఆ దగ్గు విననట్టే ఆ కట్టెను రెండు చేతులతో పట్టుకుని మొదలుపెట్టింది.

*ఓ నా కొడకా... నా బంగారు కొడకా...*
*పసుల పాకల గంటిరా కొడకా, పచ్చిగడ్డి మీద పండవెడ్తిరా కొడకా...*
*నాయినెంబడి వడ్లంగి పనికి వోతివిరా కొడకా,*
*కట్టెపొట్టు వడ్డ నీ నెత్తిని కొంగుతోటి దులిపితిరా కొడకా...*
*నెత్తి దులిపిన చేతులురా కొడకా, గీ నెత్తురెట్ల తుడుతురా కొడకా...*

తిరుగలి దగ్గర విన్న గొంతు కాదది. అంత గొంతు ఆ ముసలి ఒంట్లో ఎక్కడ దాచుకుందో. నాకు తెలిసిన యేసయ్య పటంలో ఉండేవాడు, తెల్లగా, శుభ్రంగా. ఆ రోజు మొదటిసారి ఆయన నెత్తి మీద రంపపు పొట్టు కనిపించింది నాకు. ఆయనకు ఆకలవుతుందని, ఆయనకు అన్నం పెట్టిన తల్లి ఒకతి ఉందని తెలిసింది. ఎన్ని ప్రసంగాలు విన్నా తెలియలేదు ఆ సంగతి.

పెద్దయ్య లేచాడు. చేయి ఎత్తి ముందుకు నడవసాగాడు. పాస్టరుగారు ఆపాలో వద్దో తెలియక పుస్తకం మూసి తెరుస్తున్నాడు. నాయనమ్మ వాళ్ళ వైపు చూడలేదు. ఈసారి తల తిప్పి మా పెద్దమ్మ వైపే చూస్తూ రాగం తీసింది.

*పొద్దుగాల ఏం తిని పోతివోరా కొడకా...*
*గుమ్మం దాటంగ నిన్ను సూస్తిరా కొడకా...*
*ఆఖరుకు నీతోని ఏమంటినో కొడకా... నేనేమంటినో నా కొడకా...*

అని ఆపేసింది.

శోకం తెలిసిన వాళ్ళకు ఆ ఆపడం తెలుసు. ఎవరో ఒకరు అందుకోవాలి. మా అమ్మ పెదవులు కదిలాయి గాని శబ్దం రాలేదు. పెద్దయ్య అడుగు మధ్యలో ఆగిపోయాడు. చాలాసేపు బయటి డప్పు తప్ప ఏమీ వినిపించలేదు. ఎవరూ అందుకోరేమో, నాయనమ్మ అలా జుట్టు విరబోసుకుని అందరి ముందు నవ్వులపాలవుతుందేమో అని నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు నా పక్కన ఒక కీచు శబ్దం వినిపించింది. తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు. పెద్దమ్మ.

*అన్నం డబ్బా మర్సిపోతివిరా కొడకా... మల్ల ఎనుకకు వస్తివిరా కొడకా...*
*పొయ్యి కాడ పొగల ఉంటిరా కొడకా, పొగ కండ్లల్ల వడెరా కొడకా...*
*సచ్చినోడా, తలకాయ గూడ ఈడనె వెట్టి పో అంటిరా కొడకా...*
*నవ్వుకుంట పోతివిరా కొడకా... అదే నా ఆఖరు మాటాయెరా కొడకా...*
*నా నోరు కాలిపోను కొడకా... నేనే అంటిరా కొడకా... నేనే సంపుకుంటిరా కొడకా...*

మా వైపు ఏ తల్లి నోట రాని మాట అది? "సచ్చినోడా, అన్నం తిను." "సచ్చినోడా, జరమొచ్చిందేంది, నెత్తి ఇంత కాలుతున్నది." ముద్దుకూ అదే, కోపానికీ అదే. ఆమె రోజూ అనేదే ఆ పొద్దున కూడా అంది. సాయంత్రానికి వాడు నిజంగానే చచ్చిపోయి వచ్చాడు. తన మాటే వాణ్ణి తిన్నదనుకుని ఆమె ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకుంది. మేమంతా దానికి విశ్వాసం అని పేరు పెట్టి పొగిడాం.

ఆమె రొమ్ము బాదుకుంటూ ముందుకు పడిపోబోయింది. నాయనమ్మ పాకుతూ వచ్చి ఆమె మెడ పట్టుకుంది. చెంపకు చెంప ఆనించి అందుకుంది. ఆ తల్లి గొంతుతోనే, మరియమ్మ గొంతుతోనే అందుకుంది.

*నేను గూడ తిట్టిన చెల్లె... నా కొడుకును నేను తిట్టిన చెల్లె...*
*పండుగకు తోల్కపోతె తప్పిపోయె చెల్లె, ఊరంత దేవులాడితినె చెల్లె...*
*దొరికినంక ముద్దువెట్టుకోలె చెల్లె, మొదలు తిట్టే తిడ్తి చెల్లె...*
*సచ్చినోడా, యాడ సచ్చినవ్ రా అంటి చెల్లె... ఏ తల్లి అనది చెల్లె...*
*తిట్టుకు సావరె కొడుకులు చెల్లె... కొడుకుకెరుకె తల్లి మనసు చెల్లె...*

అబ్బ! పిల్లవాడైన యేసయ్య పండుగలో తప్పిపోవడం, తల్లి వెతికి వెతికి మందలించడం వాక్యంలో ఉన్నదే. ఎన్నోసార్లు విన్నాం. కానీ ఆ తల్లి మా లాల్‌పేట్ క్వార్టర్ల ఆడదానిలా తిట్టి ఉంటుందని, అంత తిట్టినా ఆమె ఆయన తల్లే అయిందని ఎవరు చెప్పారు మాకు? మరియమ్మ మా పెద్దమ్మను చెల్లె అని పిలిచింది. పెద్దమ్మ ఆ మెడ మీద తల పెట్టి భోరుమంది. ఆ తర్వాత ఎవరు అందుకున్నారో, ఎవరు ఆపారో చెప్పలేను. మా అమ్మ కొంగు తీసేసి తన చిన్నప్పుడే పోయిన చెల్లెలిని పిలిచింది. ఇంకొకామె మొగుణ్ణి పిలిచింది. బాయి మింగిన వాళ్ళందరూ ఆ మధ్యాహ్నం పేరుపేరునా గుళ్ళోకి వచ్చారు.

పెద్దయ్య నడిచినంత దూరం నడిచి, ఆడవాళ్ళ వైపునే, ఎక్కడ నిలబడ్డాడో అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. కండువా మొహాన అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి ఆయన గొంతు వినిపించింది, బాయిలో అరిచే గొంతు కాదు, పిల్లవాడి గొంతు.

"అక్కా, మా అమ్మకు గూడ ఒకటి అందుకోరాదూ. అందరికి ఏడ్చిన మనిషి. ఆమె సచ్చిననాడు ఎవ్వల్ని ఏడ్వనియ్యలే నేను."

నాయనమ్మ ఒక చేత్తో పెద్దమ్మను పట్టుకునే, ఇంకో చేయి ఆయన వైపు చాపింది. ఆయన తల్లికి కూడా శోకం పెట్టింది. దొర గడీ కోసం కాదు, జొన్నల కోసం కాదు. పెద్దయ్య వంకర టింకరగా, తాళం తప్పుతూ అందుకున్నాడు. ఆయన తాళం తప్పడం నేను వినడం అదొక్కసారే.

నాలుగో మాట చెప్పాల్సినాయన కాగితాల నిండా రాసుకొచ్చాడు. వాటితో విసురుకుంటూ ఏడుస్తూ కూర్చున్నాడు, పాపం. పాస్టరుగారు చివరికి లేచి, చేతులెత్తి దీవించి పంపేశాడు. ఆయన చేసిన అన్ని ఆరాధనల్లోకీ చిన్న ప్రార్థన అదే అయి ఉంటుంది.

ఆ సాయంత్రం పెద్దమ్మ మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఆకలైతున్నది" అంది. అంతే. మా అమ్మ పళ్ళెం కడిగిన నీళ్ళు కూడా తుడవకుండా అన్నం పెట్టింది. నేను ఎదురుగా కూర్చుని ఆమె ప్రతి ముద్దా చూశాను. సగంలో మళ్ళీ ఏడ్చింది, మళ్ళీ తిన్నది. ఏడుస్తూ తినే మనిషిని చూసి నేను అంత సంతోషపడటం విచిత్రమే గాని, పడ్డాను.

అన్నీ బాగైపోయాయని చెప్పను. కొడుకు పోయిన తల్లికి బాగవడం ఏముంటుంది? కానీ ఆమె పొయ్యి వెలిగించింది. కొన్నాళ్ళకు కోడిని తిట్టింది. ఆ తిట్టు గోడ అవతల నుంచి వినిపించిన పొద్దున మా ఇంట్లో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. మరుసటి ఏడు సంఘంలో కొందరు గొణిగారు, మళ్ళీ పాత అలవాట్లేనా అని. పెద్దయ్యే లేచి, మూడో మాట ఆడోళ్ళది, దాని జోలికి రావద్దని తేల్చేశాడు. అప్పటినుంచి అది మా గుడి ఆనవాయితీ.

ఒకసారి నాయనమ్మను అడిగాను, ఆఖరి మాట దగ్గరే ఎందుకు ఆపావని.

"నడుమ ఒక్క గోడనేనాయె. ఆ పొద్దుగాల ఆమె అన్న మాట నేను ఇన్న. ఆమెను ఏం తింటున్నదో నాకెరుకనే" అంది.

"మరి ఇంటికి పోయి, అది నీ తప్పు గాదని ముందే చెప్పొచ్చు గద?"

"నేను చెప్తె నా మాటైతది బిడ్డా. మన్సుల ఉన్నది ఆమె నోట్లకెల్లి రావాలె. మనం జాగ ఇయ్యాలె, అంతే."

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆమెకు నేనే శోకం పెట్టాను, పెద్దమ్మ అందుకుంది. ఇప్పుడు మా బాబుపేట్ మందిరంలో కీబోర్డు ఉంది, గోడ మీద తెర ఉంది, కుర్రకారు పాటలు హుషారుగా ఉంటాయి. నాకూ ఇష్టమే, మోకాళ్ళ నొప్పులున్నా చప్పట్లు కొడతాను. మంచి శుక్రవారం నాడు మాత్రం మూడో మాటకు కీబోర్డు ఆగుతుంది. ఈ ముసలిదాన్ని ఇద్దరు పట్టుకుని నేల మీద కూర్చోబెడతారు.

ఎవరింట్లో ఎవరు పోయినా అందరూ పరుగెత్తుకొచ్చి చెప్పే మొదటి మాట "ఏడ్వకు" అని. నేను ఆ మాట ఎవరికీ చెప్పను. పోయి పక్కన కూర్చుంటాను. పోయిన వాళ్ళ ముచ్చట ఒకటి తీసి, సగంలో ఆపి, ఊరుకుంటాను. నిరుడు మా సందులో ఒక మరాఠీ కోడలు, పుట్టిన బిడ్డ పోయి, రాయిలా కూర్చుంది. పేరు కూడా పెట్టని బిడ్డ, దేన్ని తలచుకుని ఏడవాలి? ఆమెకు తెలుగు రాదు. శోకం నాకు మరాఠీలో రాదు. ఆమె చేయి పట్టుకుని, ఆ కడుపును చూపించి, వచ్చిన భాషలోనే రాగం తీసి ఆపాను. ఎదురుచూశాను. వాళ్ళ అత్త టీ తెచ్చి పెట్టింది, అది చల్లారింది. లేచి పోదామా అనిపించింది కూడా. అప్పుడు ఆ పిల్ల నా మెడ పట్టుకుని "మాఝ్యా బాళా", నా బిడ్డా, అంది. ఆ రాగంలోనే అంది.